ప్రేక్షకుణ్ణి ఆటలోకి లాగాక బాధ్యత ఎవరిది?

మూడోవరుస రాశారు:

నాటకం, డ్యాన్స్, పర్ఫార్మెన్స్ ఆర్ట్ (కళాకారులు తమ ఒంటినే, చేసే పనినే కళగా చూపించేది), ఏదైనా సరే, ప్రయోగం అనగానే మనం ముందు రూపం గురించే మాట్లాడతాం. తెర తీసేశారు, వేదిక దిగి వచ్చారు, కథ వదిలేశారు, గంటలకొద్దీ మౌనంగా నిలబడ్డారు. దానివల్ల అక్కడున్న మనుషుల మధ్య ఏం మారిందన్న ప్రశ్న వచ్చేసరికి "సామాజిక స్పృహ ఉన్న ప్రయోగం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకు ఆ ఒక్క ముక్క చాలడం లేదు.

నేను నటుణ్ణి కాదు, చూసేవాణ్ణి. చూసేవాడిగానే అడుగుతున్నాను. గత శతాబ్దం రెండో సగం నుంచి చాలా ప్రయోగాలకు ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపడమే పని. 1959లో న్యూయార్క్‌లో అలెన్ కాప్రో అనే కళాకారుడు '18 హ్యాపెనింగ్స్ ఇన్ 6 పార్ట్స్' చేసినప్పుడు, వచ్చినవాళ్ల చేతికి సూచనలున్న కార్డులిచ్చి గది నుంచి గదికి మార్చాడు. 1968లో లివింగ్ థియేటర్ అనే అమెరికన్ నాటక బృందం వాళ్లు ఫ్రాన్స్‌లోని అవిన్యో ఉత్సవంలో ప్రేక్షకుల్ని వేదిక మీదికి పిలిచి, అక్కడి నుంచి వీధిలోకి నడిపించారు.

సరే, లేపారు. లేచినవాడి సంగతేంటి? ఆ ఊపులో ఎవరికీ చెప్పుకోని విషయం నలుగురిలో చెప్పేస్తే, చేయకూడనిది చేస్తే, మర్నాడు దాన్ని మోసేది ఎవరు? దగ్గరగా పనిచేసినవాళ్లు వివరంగా రాస్తే చదువుకుంటాను.

తెరవెనుక రాశారు:

మూడోవరుస గారూ, మీరు అడిగినదాన్నే ఒక రైతు బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్‌ని ముఖం మీద అడిగాడు. బోల్ తానే చెప్పుకున్న సంగతి ఇది. చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా ఈ చర్చ దాంతోనే మొదలవ్వాలి.

అప్పట్లో బ్రెజిల్‌లో బోల్ పనిచేసిన, సావో పావ్లోకు చెందిన అరేనా థియేటర్ బృందం ఈశాన్య ప్రాంతపు పల్లెల్లో రైతుల ముందు నాటకాలాడేది. ఒక నాటకం చివర నటులంతా తుపాకులు పైకెత్తి, భూమి కోసం రక్తం చిందిద్దాం అని పాడతారు. ఆట అయ్యాక ఒక రైతు కన్నీళ్లతో వచ్చి, మీరూ మాలాగే ఆలోచిస్తున్నారు, ఈ తుపాకులతో రండి, మా పొలాలు లాక్కున్నవాడి మనుషుల్ని తరిమేద్దాం అన్నాడు. ఇవి ఆట తుపాకులండీ, పేలవు అన్నారు వీళ్లు. పర్లేదు, అసలైనవి మా దగ్గరున్నాయి, మీరు వస్తే చాలన్నాడు. మేం నటులం, రైతులం కాదు అని చెప్పక తప్పలేదు. అయితే మీరు చిందిద్దామన్నది మా రక్తమన్నమాట అని ఆ రైతుకు అర్థమైపోయింది.

ఆ తరువాత, తాను చేయడానికి సిద్ధంగా లేని పనిని వేదికెక్కి ఇంకొకరికి చెప్పకూడదని బోల్ నిర్ణయించుకున్నాడు. 1971లో సైనిక ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టింది. దేశం విడిచాడు. 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు ఫోరం థియేటర్ రూపు కట్టింది. పద్ధతి చెప్పడానికి సులువే. ఒక అన్యాయాన్ని, అది గెలిచే దాకా ఆడి చూపిస్తారు. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా 'ఆపండి' అనొచ్చు, లేచి వచ్చి నలిగిపోతున్న పాత్ర చోట నిలబడి తనకు తోచింది చేసి చూడొచ్చు. అన్యాయం చేసే పాత్ర వేసినవాళ్లు ఊరికే లొంగిపోరు, బయట ఎలా ఎదురొస్తారో అలాగే ఎదురొస్తారు. మధ్యలో ఉండి నడిపేవాణ్ణి 'జోకర్' అంటారు, పేకలో జోకర్‌లాగా ఏ రంగుకూ చెందనివాడని.

అసలు భారమంతా ఆ జోకర్ మీద ఉంటుంది. లేచి వచ్చినావిడ చెప్పిన ఉపాయం అద్భుతంగా ఉందని చప్పట్లు కొట్టించేస్తే ఆట రక్తి కడుతుంది. ఇదే మీ ఇంట్లో చేస్తే ఏమవుతుంది, మీ పక్కన ఎవరుంటారు అని అడిగితే వేడి చల్లారిపోతుంది. చల్లారినా సరే అడగాలి. అడగని జోకర్లను చాలామందిని చూశాను.

ప్రశ్నార్థకం రాశారు:

ఇదంతా వినడానికి బాగుంది. నా ప్రశ్న ఇంకా మొదట్లోనే ఆగింది. ఈ ప్రయోగాలు చూసేది ఎవరు? నేను వెళ్లిన ప్రతి ప్రయోగాత్మక ప్రదర్శనలో అవే ముఖాలు. ఒకరి నాటకానికి ఇంకొకరు వస్తారు, తరువాత అందరూ కలిసి చర్చిస్తారు. సమాజం తలుపు బయటే ఉంటుంది. బాధ్యత సంగతి తరువాత, ముందు ఎవరైనా కొత్తవాళ్లు లోపలికి వస్తున్నారా?

వీధిచివర రాశారు:

> సమాజం తలుపు బయటే ఉంటుంది

అందుకే కొంతమంది తలుపే లేకుండా చేశారండీ.

బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ సంగతి చూడండి. వృత్తిరీత్యా టౌన్ ప్లానర్. ప్రోసీనియం (ముందు తెర ఉండే చట్రం లాంటి వేదిక) కోసం రాసిన నాటకాలతో దేశమంతా పేరొచ్చాక, 1970ల మొదట్లో ఆ వేదికను వదిలేశారు. 'శతాబ్ది' బృందంతో గదుల్లో, పార్కుల్లో, పల్లెల్లో ఆడారు. దాన్నే మూడో రంగస్థలం అన్నారు. దీపాలు లేవు, సెట్టు లేదు, మేకప్ లేదు, ఉన్నదల్లా నటుల ఒళ్లే. గోడ కావాలంటే మనుషులే గోడ, చెట్టు కావాలంటే మనుషులే చెట్టు. చూసేవాళ్లు మధ్యలో, పక్కన, చుట్టూ కూర్చుంటారు. 1974 నాటి 'మిఛిల్'లో ఊరేగింపు ప్రేక్షకుల మధ్య నుంచే సాగుతుంది.

చాలామంది దీన్ని డబ్బుల్లేక చేసిన సర్దుబాటు అనుకుంటారు. కానీ అది సర్దుబాటు కాదు, ఖర్చు తగ్గించడమే ఇందులో అసలు ఆలోచన. ఖర్చు ఉంటే టికెట్ ఉంటుంది, టికెట్ ఉంటే టికెట్ కొనగలిగినవాడే వస్తాడు, వాడికి నచ్చేదే ఆడాల్సి వస్తుంది. ఈ గొలుసును ఆయన మొదటి లింకు దగ్గరే తెంపారు. రూపం మార్చడం, ఎవరి కోసం ఆడుతున్నామన్నది మార్చడం ఒకే పనిగా చేసినవాళ్లు తక్కువ. నాకు ఆయనంటే గౌరవం అందుకే.

ఇక బాధ్యత గురించి. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో కార్మికుల మధ్య 'హల్లా బోల్' ఆడుతుంటే జన నాట్య మంచ్ అనే వీధినాటక బృందం మీద దాడి జరిగింది. ఆ బృందంలోని సఫ్దర్ హాష్మీ మర్నాడు చనిపోయారు. అదే దాడిలో ఒక కార్మికుడు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ హాష్మీ, మిగతా బృందం అక్కడికే తిరిగి వెళ్లి, మధ్యలో ఆగిన నాటకాన్ని పూర్తి చేశారు. తెరవెనుక గారు చెప్పిన రైతు ప్రశ్నకు నేను చూపించగల జవాబు ఇది. చూసేవాడికి ఎంత ముప్పుందో ఆడేవాడికీ అంతే ఉంది. పైగా వాళ్లు తిరిగి వెళ్లారు.

నీలిదీపం రాశారు:

వీధిచివర గారూ, చదువుతుంటే మనసు బరువెక్కింది. అయినా ఒక మాట. ముప్పును పంచుకోవడమే కొలబద్ద అయితే, ఎంత ప్రమాదంలో ఆడితే అంత గొప్ప అనే చోటికి వెళ్లిపోతాం. పర్ఫార్మెన్స్ ఆర్ట్ ఆ దారిలోనే చాలా దూరం వెళ్లింది.

1974లో నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి చేసిన 'రిథమ్ 0' తీసుకోండి. బల్ల మీద 72 వస్తువులు. గులాబీ, ఈక, తేనె నుంచి కత్తెర, బ్లేడు, తుపాకీ, తూటా దాకా. 6 గంటలు నేను వస్తువుని, వీటిని నా మీద ఎలాగైనా వాడొచ్చు, బాధ్యత నాదే అని రాసి పెట్టింది. మొదట్లో మర్యాదగా ఉన్నవాళ్లే తరువాత బట్టలు కోశారు, చర్మం గీశారు. ఒకరు తుపాకీని ఆమె చేతికిచ్చి ఆమె వైపే గురి పెట్టించారు, మిగతావాళ్లు అడ్డుపడ్డారు. సమయం అయిపోయి ఆమె కదిలి వాళ్ల వైపు నడిస్తే, ఆమె ముఖం చూడలేక వెళ్లిపోయారు.

అంతకు పదేళ్ల ముందే, 1964లో, యోకో ఓనో క్యోటోలో 'కట్ పీస్' చేసింది. మోకాళ్ల మీద కూర్చుని కత్తెర ముందు పెట్టి, ఒక్కొక్కరూ వచ్చి తన బట్ట ముక్క కోసి తీసుకెళ్లమంది. ఎంత కోయాలో నిర్ణయం వచ్చినవాళ్లదే.

ఈ రెండూ సమాజం గురించి మనకు చెప్పిందేమిటో అందరూ రాస్తారు. గుంపులో మనిషి ఎలా మారతాడో, కదలని ఆడమనిషి ఒంటి మీద ఎంత సులువుగా చేయి పడుతుందో. నేను ఎప్పుడూ ఆలోచించేది ఆ రాత్రి ఇంటికి వెళ్లిన ప్రేక్షకుడి గురించి. బాధ్యత నాదే అని కళాకారిణి రాసి పెట్టినంత మాత్రాన, బ్లేడు పట్టుకున్నవాడి చేయి వాడిది కాకుండా పోదు. ఆమె తన మీద తీసుకున్న ముప్పు కంటే, వాళ్లకు వాళ్లను చూపించడమే పెద్ద పని అని నాకు అనిపిస్తుంది. అందుకే ఇది క్రూరమైన కళే అయినా, అబద్ధమైన కళ కాదు.

మూడోవరుస రాశారు:

నీలిదీపం గారూ, ఒక చిన్న సందేహం. ఆ గదిలో అడ్డుపడినవాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్ల గురించి ఎందుకంత తక్కువ మాట్లాడతాం?

నీలిదీపం రాశారు:

మంచి ప్రశ్న. హింస కథగా చెప్పుకోవడానికి సులువు, అందుకే అనుకుంటాను. తుపాకీ తీసేసినవాళ్లు కూడా ఆ ప్రదర్శనలో భాగమే. వాళ్లను వదిలేసి చెప్పే వ్యాఖ్యానం సగమే.

అడుగుజాడ రాశారు:

నేను డ్యాన్స్ వైపు నుంచి మాట్లాడతాను. మా దగ్గర సామాజిక ప్రశ్న మాటల్లో రాదు. ఎవరి ఒళ్లు వేదిక మీద ఉండొచ్చు, ఎవరు ఎవర్ని ముట్టుకోవచ్చు అన్న రూపంలో వస్తుంది.

1962 నుంచి న్యూయార్క్‌లోని జడ్సన్ చర్చిలో చేరిన గుంపు, శిక్షణ లేనివాళ్ల కదలికను కూడా నృత్యమన్నారు. ఆ గుంపులోని స్టీవ్ పాక్స్టన్ 1967లో చేసిన 'సాటిస్ఫయిన్ లవర్'లో మామూలు మనుషులు నడుస్తారు, నిలబడతారు, కూర్చుంటారు. అంతే. ఎన్నేళ్లు సాధన చేస్తే ఒళ్లు వేదికకు పనికొస్తుందన్న లెక్కను అది తలకిందులు చేసింది. 1972లో అదే పాక్స్టన్ కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ మొదలుపెట్టాడు. ఇద్దరు మనుషులు ఒకరి బరువు ఒకరి మీద మోపుకుంటూ కదులుతారు. లీడ్ చేసే మగవాడు, లేపబడే ఆడమనిషి అనే పాత అమరిక అందులో ఉండక్కర్లేదు. ఆడవాళ్లు మగవాళ్లను మోస్తారు. చూడటానికి ఎంతో స్వేచ్ఛగా ఉంటుంది.

కానీ స్వేచ్ఛ అని పేరు పెట్టినంత మాత్రాన బయటి అధికారం గుమ్మం దగ్గర ఆగిపోదు. కాంటాక్ట్ జామ్‌లలో (అందరూ చేరి ఈ నృత్యం చేసుకునే చోట్ల) ఇబ్బందికరంగా ముట్టుకున్నారని చెప్పే ఆడవాళ్లకు చాలాకాలం వచ్చిన సమాధానం "ఇక్కడ స్పర్శ అంతా కదలికే, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని. నాకూ ఒక చోట ఆ మాట ఎదురైంది. ఇప్పుడు చాలా జామ్‌లలో మొదటే చెబుతున్నారు: ఎప్పుడైనా ఆపొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ఫలానా వ్యక్తితో మాట్లాడొచ్చు. ఇవి వచ్చాక నృత్యం బిగుసుకుపోయిందని కొందరు పాతవాళ్ల బాధ. నేను ఒప్పుకోను. ఆపే హక్కు ఉందని తెలిస్తేనే నేను నా బరువు పూర్తిగా అవతలి మనిషి మీద వదలగలను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో జరిగిన తిరుగుబాటు తరువాత, అక్కడి స్టూడియో వాట్స్ అనే కళాకేంద్రం పిలిస్తే నృత్య దర్శకురాలు అన్నా హాల్ప్రిన్ అక్కడి నల్లజాతి బృందంతో, శాన్ ఫ్రాన్సిస్కోలోని తన తెల్లవాళ్ల బృందంతో నెలల తరబడి విడివిడిగా పనిచేసింది. తరువాత రెండు గుంపుల్నీ ఒకే గదిలోకి తెచ్చింది. 1969లో వచ్చిన 'సెరిమనీ ఆఫ్ అస్' ఆ కలయిక నుంచే పుట్టింది. వాళ్ల మధ్య ఆకర్షణ, పోటీ, కోపం, భయం, అన్నీ దాచకుండా అందులోకి వచ్చాయి. అన్నీ సర్దుకున్నాయని చూపించే ప్రదర్శన కాదది. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మాత్రం వేదిక మీద ఏం జరిగిందన్నది కాదు, అంతకు ముందు ఆ గదిలో జరిగింది. చాలా ప్రయోగాల్లో సమాజంతో తలపడటం రిహార్సల్‌లోనే జరిగిపోతుంది, మనం చూసేది దాని చివరి రోజు.

ప్రశ్నార్థకం రాశారు:

అడుగుజాడ గారూ, మీరు చెప్పిన ఆఖరి మాటే నన్ను వేధిస్తుంది. రిహార్సల్ గదిలో జరిగినది గొప్పదైతే ప్రదర్శన ఎందుకు? టికెట్ కొని వచ్చినవాడికి మీ గదిలో ఏం జరిగిందో తెలియదు. వాడి ముందు ఏం పెట్టారన్నదే వాడికి లెక్క. క్లెయిర్ బిషప్ అనే కళా చరిత్రకారిణి 2006 నుంచి ఈ విషయం మీదే గట్టిగా వాదిస్తోంది. సమాజంతో కలిసి చేసిన కళ అనగానే, ఎంత మర్యాదగా చేశారు, అందర్నీ ఎంత బాగా కలుపుకున్నారు అని చూస్తున్నారు తప్ప, కళగా ఎలా ఉందని అడగడం మానేశారని. నాకు ఆమె వాదన సరైనదనిపిస్తుంది. మంచి ఉద్దేశంతో చేసిన నీరసమైన ప్రదర్శనను, ఉద్దేశం మంచిది కదా అని భరించడం, అందులో పాల్గొన్నవాళ్లను తక్కువ చేసి చూడటమే.

కలిసినడక రాశారు:

ప్రశ్నార్థకం గారి ఆఖరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. వైకల్యం ఉన్న నటీనటులతో పనిచేస్తాను. మా వాళ్లకు అన్నిటికంటే అవమానంగా అనిపించేది ఆ జాలి చప్పట్లే. ఏం చేశారో చూడకుండా, చేశారు పాపం అని కొట్టేవి.

2012లో జెరోమ్ బెల్ అనే ఫ్రెంచ్ కొరియోగ్రాఫర్ జ్యూరిక్‌లోని థియేటర్ హోరా నటులతో 'డిజేబుల్డ్ థియేటర్' చేశాడు. నేర్చుకోవడంలో ఇబ్బంది, మేధోపరమైన వైకల్యం ఉన్న నటులు ఒక్కొక్కరే వచ్చి ఊరికే నిలబడతారు. పేరు, వయసు, వృత్తి చెబుతారు. వృత్తి 'నటుణ్ణి' అంటారు. తమ వైకల్యం పేరు చెబుతారు. తరువాత తాము కట్టుకున్న డ్యాన్స్ చేస్తారు. దాన్ని చూసి కొందరు మనుషుల్ని ప్రదర్శనకు పెట్టారని కోప్పడ్డారు, కొందరు ఇంతకంటే నిజాయితీగా ఎవరూ చేయలేదన్నారు. ఈ గొడవ కూడా ఆ నాటకంలోనే ఉంది. ఈ ప్రదర్శన గురించి మీరేమనుకుంటున్నారని నటుల్ని వేదిక మీదే అడుగుతారు, తమ ఇంటివాళ్లు ఏమన్నారో కూడా వాళ్లు చెబుతారు. ఒకరి తల్లి ఇది వింత మనుషుల్ని చూపించే ఆటలా ఉందంది, కానీ తనకు చాలా నచ్చిందట.

నాకు అందులో ఒకటి కుదరలేదు. ప్రశ్నలు అడిగేది, వరుస నిర్ణయించేది బెల్. మొదట కొందరి డ్యాన్సులనే ఎంచుకున్నాడు, మిగతావాళ్లు తరువాత వచ్చారు. ఎంచుకునే అధికారం ఎవరి దగ్గరుందో అది దాచలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. దాచకపోవడం ఒకటి, ఆ అధికారాన్ని పంచుకోవడం ఇంకొకటి.

దానికి ఎదురుగా ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో బ్యాక్ టు బ్యాక్ థియేటర్ ఉంది. 1987లో మొదలైంది. అక్కడ వైకల్యం ఉన్న నటులే ఏళ్ల తరబడి అదే బృందంలో ఉంటూ నాటకాల్ని కలిసి తయారు చేస్తారు, రచయితలుగా వాళ్ల పేర్లు పడతాయి. ఒక్క ప్రాజెక్టు కోసం పిలిపించి పంపించేయరు. 2022లో అంతర్జాతీయ ఇబ్సెన్ అవార్డు వాళ్లకు వచ్చింది. అది జాలితో ఇచ్చిన అవార్డు కాదు, వాళ్ల నాటకాలు చూస్తే తెలుస్తుంది. నీరసంగా ఉండవు, చూసేవాణ్ణి బుజ్జగించవు, కొన్నిసార్లు చూసేవాడి మంచితనాన్నే నిలదీస్తాయి.

అంటే ప్రశ్నార్థకం గారూ, న్యాయంగా చేయడం, కళగా బాగా చేయడం ఎదురెదురుగా లేవు. ఎక్కువకాలం కలిసి పనిచేస్తే కళ కూడా బాగుపడుతుంది. వారం రోజుల వర్క్‌షాప్ పెట్టి, చివర్లో ఫోటోలు తీసుకుని, బ్రోషర్‌లో వేసుకునే చోటే రెండూ చెడిపోతున్నాయి.

వీధిచివర రాశారు:

వర్క్‌షాప్ మాట వచ్చింది కాబట్టి. బోల్ పద్ధతిని ప్రపంచమంతా ఎన్ని సంస్థలు చేతులు కడుక్కోండి, ఫారం నింపండి అని చెప్పడానికి వాడుకుంటున్నాయో చూస్తే బాధేస్తుంది. ప్రశ్న అడగడానికి పుట్టిన నాటకంతో జవాబులు పంచిపెడుతున్నారు. గ్రాంటు ఇచ్చినవాళ్లకు ముందే తెలిసిన జవాబులు.

అలా కాకుండా నిలబడినవాళ్లూ ఉన్నారు. పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి 1985 నుంచి పనిచేస్తోంది. సుందర్బన్ పల్లెల్లో మొదలైంది. నటుల్లో ఎక్కువమంది అక్కడే ఉండే వ్యవసాయ కూలీలు. ఆట అయ్యాక వ్యాన్ ఎక్కి వెళ్లిపోయేవాళ్లు కాదు, మర్నాడు అదే పొలంలో కనిపిస్తారు. ఒకే సమస్య మీద ఒకే ఊళ్లో మళ్లీ మళ్లీ ఆడతారు. మొదటిసారి లేచినవాళ్లు తోచింది చేస్తారు, రెండోసారి ఆలోచించుకుని వస్తారు. ఒక్కసారి ఆడి వెళ్లిపోయే ఫోరం నాటకం మీద నాకు నమ్మకం తక్కువ.

తెరవెనుక రాశారు:

వీధిచివర గారు చెప్పినదానికి పొడిగింపుగా. బోల్ 1993 నుంచి 1996 దాకా రియో నగర మండలి సభ్యుడిగా ఉన్నాడు. తన నటుల్ని సలహాదారులుగా పెట్టుకుని, వీధుల్లో జరిగిన ఫోరం ఆటల్లో జనం చేసిన ప్రయత్నాల్ని చట్టాల ముసాయిదాలుగా రాయించాడు. అలా వచ్చినవాటిలో 13 చట్టాలయ్యాయి. ఒకటి వింటే దాని విలువ తెలుస్తుంది. అప్పట్లో అక్కడి వీధుల్లో పబ్లిక్ టెలిఫోన్ డబ్బా స్తంభానికి పైన వేలాడుతుండేది. అంధుల చేతికర్ర కిందే తగిలేది కాబట్టి, తల వెళ్లి డబ్బాకు కొట్టుకునేది. కింద ఎత్తుగా ఒక దిమ్మె కట్టాలని అంధులే ఆటలో చూపించారు. అది చట్టమైంది.

ఇంత చిన్న విషయం కోసం ప్రయోగాత్మక నాటకమా అని ఎవరైనా అడగొచ్చు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి అడగండి చిన్నదో కాదో.

కొత్తగొంతు రాశారు:

ఇన్నాళ్లూ చదివి వెళ్లేదాన్ని, ఈసారి అడగాల్సి వచ్చింది. మా బృందం ఇళ్లలో పని చేసే ఆడవాళ్లతో ఒక ప్రదర్శన తయారు చేస్తోంది. వాళ్ల కథలు, వాళ్ల కదలికలు. ఊడవడం, వంగడం, మెట్లెక్కడం లాంటి పనులే నృత్యంగా మారతాయి. వాళ్లలో కొందరు వేదిక మీదికి వస్తామన్నారు. వాళ్లు ఎవరి ఇళ్లలో పనిచేస్తారో ఆ యజమానుల్ని కూడా పిలుద్దామని మా డైరెక్టర్ ఆలోచన. ఎదురెదురుగా నిలబడితేనే నాటకం పండుతుందని ఆయన అంటారు. నాకూ మొదట ఉత్సాహం వచ్చింది. ఈ థ్రెడ్ చదువుతుంటే భయం మొదలైంది. రేపు ఒకావిడ పని పోతే?

అడుగుజాడ రాశారు:

మీ భయం సరైనదే. ఆ భయాన్ని డైరెక్టర్ గారి ముందు కూడా పెట్టండి. ఎదురెదురుగా నిలబడటం వల్ల పండేది ఎవరి నాటకం, ఎండిపోయేది ఎవరి జీతం అని అడగండి.

కలిసినడక రాశారు:

కొత్తగొంతు గారూ, ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు.

రిహార్సల్‌కు వచ్చే గంటలకు వాళ్లకు డబ్బులివ్వండి. ఒక ఇల్లు మానుకుని వస్తే ఆ ఇంటి డబ్బు పోతుంది. మీ లైటింగ్ మనిషికి ఇస్తున్నారు కదా. ప్రచారంలో వాళ్ల పేర్లు వేసే ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి. గుంపులో అడిగితే మొహమాటానికి సరే అంటారు. కథల్ని కలిపేయండి. ఒకావిడ ఇంటి గొడవ ఇంకొకావిడ ఒంటి మీదికి, మూడో ఆవిడ గొంతులోకి వెళ్లాలి. ఏ యజమానీ ఇది నా ఇల్లే అని గుర్తుపట్టలేనంతగా. దీనివల్ల కళకు నష్టమేమీ లేదు, చాలాసార్లు అప్పుడే అది ఒక మనిషి ఫిర్యాదు స్థాయి దాటుతుంది. ప్రదర్శన రోజు ఉదయం కూడా నేను రాను అనే హక్కు ఉండాలి. ఆ చోటు ఎలా నింపుతారో ముందే అనుకుని పెట్టుకోండి.

వీడియో గురించి అన్నిటికంటే ఎక్కువ ఆలోచించండి. ప్రదర్శన గంటలో అయిపోతుంది, వీడియో పోదు.

నీలిదీపం రాశారు:

నేను కొంచెం విభేదిస్తాను. అన్నీ ఇంత జాగ్రత్తగా చేస్తే, ఆ ఆడవాళ్లలో ఎవరికైనా నిజంగానే యజమాని ముందు నిలబడాలని ఉంటే? ఆ కోరికను మనం వాళ్ల తరఫున కొట్టేస్తున్నాం. ముప్పు వాళ్లదైతే నిర్ణయం కూడా వాళ్లదే కావాలి కదా.

2000లో ఇంఫాల్‌లో దర్శకుడు కన్హైలాల్, మహాశ్వేతాదేవి కథ ఆధారంగా 'ద్రౌపది' ఆడించినప్పుడు, చివరి ఘట్టంలో హైస్నాం సావిత్రి సైనికుల ముందు బట్టలు వదిలి నిలబడింది. అప్పటికే పేరు పొందిన, వయసు మళ్లిన నటి. చాలామంది మండిపడ్డారు. ఆవిడకు ఎవరైనా జాగ్రత్త చెప్పి ఆపి ఉంటే? 2004 జూలై 15న 12 మంది మణిపురి తల్లులు కాంగ్లా కోట ముందు, సైనికుల అకృత్యాలకు వ్యతిరేకంగా అలాగే నిలబడ్డారు. నాటకం వల్లే అది జరిగిందని నేను అనను. అది వాళ్ల సొంత దుఃఖం, సొంత తెగింపు. కానీ ఒక నటి ఒంటరిగా ఊహించగలిగినది, ఊహించదగినదేనని తరువాత చరిత్రలో తేలింది.

కలిసినడక రాశారు:

నీలిదీపం గారూ, సావిత్రి గారు దశాబ్దాల నటి, ఆ బృందం ఆమెదీ. ఏం చేస్తున్నారో పూర్తిగా తెలిసి చేశారు. మొదటిసారి వేదికెక్కుతున్న మనిషికి, నీ నిర్ణయం నీది అని చెప్పి పక్కకు తప్పుకుంటే అది గౌరవం అవ్వదు. నిర్ణయం తీసుకోవడానికి కావలసినవన్నీ ముందు ఆవిడ చేతిలో పెట్టాలి. పని పోతే రెండు నెలలు ఎవరు చూసుకుంటారన్నది కూడా అందులో ఒకటి. అవన్నీ తెలిశాక నిలబడతానంటే, నేనూ పక్కన నిలబడతాను.

నీలిదీపం రాశారు:

ఈ మాటతో నాకు ఇబ్బంది లేదు.

మోడరేటర్:

కొత్తగొంతు గారూ, బృందం పేరు, వాళ్లు పనిచేసే చోటు ఇక్కడ రాయకండి. మిగతావాళ్లు కూడా అడగొద్దు.

ప్రశ్నార్థకం రాశారు:

ఒక సూచన. యజమానుల్ని పిలవాలా వద్దా అనే ముందు, ఇళ్లలో పనిచేసే మిగతా ఆడవాళ్లను పిలిచారా? మొదటి ప్రదర్శన వాళ్ల కోసమే ఎందుకు పెట్టకూడదు? 1930ల చుట్టుపక్కల జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన బోధనా నాటకాల్లో ఒక ఆలోచన ఉంది: ఆ నాటకం ముందు ఆడేవాళ్ల కోసం, చూసేవాళ్లు లేకపోయినా నడుస్తుంది. నేను మొదట్లో అడిగిన ప్రశ్నకు, అంటే కొత్తవాళ్లు లోపలికి వస్తున్నారా అన్నదానికి, మీ దగ్గర మంచి జవాబు ఉండొచ్చు.

కొత్తగొంతు రాశారు:

అందరికీ థాంక్స్. నిన్న రిహార్సల్‌లో ఇవన్నీ వాళ్లనే అడిగాం, డైరెక్టర్ గారు కూడా కూర్చున్నారు. యజమానుల్ని పిలవడం వద్దని ఇద్దరు వెంటనే అన్నారు. ఒకావిడ పిలవండి కానీ యజమానురాలి పాత్ర నేనే వేస్తానంది. ఎలా నడుస్తుందో, సోఫాలో కూర్చుని కాళ్లు ఎలా పైకి లేపుతుందో అక్కడికక్కడే చేసి చూపించింది. అందరూ నవ్వి నవ్వి, తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేం రాసుకున్న సీన్లలో అంత బలమున్నది ఒక్కటీ లేదు.

మొదటి ప్రదర్శన వాళ్ల తోటివాళ్ల కోసం, ఉచితంగా, ఆదివారం మధ్యాహ్నం పెడుతున్నాం. అప్పుడే వాళ్లకు తీరిక. పిల్లల్ని తెచ్చుకోవచ్చు, మధ్యలో లేచి వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు. రెండో ప్రదర్శన సంగతి అది అయ్యాక వాళ్లే చెబుతారు. రిహార్సల్ గంటలకు డబ్బు ఇవ్వడానికి సెట్టు ఖర్చు తీసేశాం, ఒక్క చీపురు, ఒక్క బకెట్ మిగిలాయి. వీడియో విషయమే ఇంకా తేలలేదు. తమ పిల్లలకు చూపించుకోవడానికి కావాలని ముగ్గురు అడుగుతున్నారు, వద్దని ఇద్దరు. ముఖాలు కనిపించకుండా చేతులు, కాళ్లు మాత్రమే తీస్తే సరిపోతుందా? ఎవరైనా అలా చేసి ఉంటే చెప్పండి.

తెరవెనుక రాశారు:

ముఖం లేకపోయినా గాజులు, పుట్టుమచ్చలు, నడక పట్టిస్తాయి, గొంతు మరీనూ. వద్దన్న ఇద్దరూ లేని సీన్లు మాత్రమే తీసి, ఆ ముగ్గురి ఫోన్లలోకి నేరుగా ఇచ్చి, మీ దగ్గర కాపీ ఉంచుకోకండి. గ్రాంటు ఇచ్చినవాళ్లు వీడియో అడిగితే, ఖాళీ వేదికను తీసి పంపొచ్చు. ఆదివారం లైట్లకు మనిషి కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, వీలు చూసుకుని వస్తాను.